రేణిగుంట నుంచి కలబురగికి 50 సీట్ల విమానం: ఒక నెల్లూరు ప్రయాణికుడి సమీక్ష

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రయాణికుల విమానాలు దిగే విమానాశ్రయం ఒక్కటీ లేదు. ఉత్తరాన గన్నవరం, పడమట రేణిగుంట, దక్షిణాన చెన్నై, ఈ మూడింటిలో ఏదో ఒకచోటికి రోడ్డు మీదో రైల్లోనో చేరుకుంటే తప్ప మనకు విమానయోగం లేదు. అంత దూరం వెళ్లినా మనం ఎక్కేది సాధారణంగా హైదరాబాదు, బెంగుళూరు, ఢిల్లీ విమానాలే. ఒక మోస్తరు ఊరి నుంచి మరొక మోస్తరు ఊరికి, మధ్యలో మహానగరంలో దిగి మారే అవసరం లేకుండా, నేరుగా తీసుకువెళ్లే విమానం ఉండవచ్చునన్న ఆలోచనే మనలో చాలామందికి రాదు. అలాంటి సర్వీసు ఒకదానిలో, అంటే స్టార్ ఎయిర్ సంస్థ తిరుపతి, కలబురగి నగరాల మధ్య నడిపిన విమానంలో, మా అమ్మగారిని వెంటబెట్టుకుని ప్రయాణించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

విమానం లోపల దక్కిన సేవ నాకు పూర్తిగా తృప్తినిచ్చింది. అయితే ఇలాంటి చిన్న సంస్థలకు సీటు మెత్తదనాన్ని బట్టో, ఇచ్చిన ఆతిథ్యాన్ని బట్టో మార్కులు వేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. చెప్పిన రోజున చెప్పిన వేళకు బయలుదేరుతుందా, బయలుదేరలేని రోజున ఆ సంగతి ప్రయాణికుడి చెవిన సకాలంలో పడుతుందా, ఈ ఏడాది ఉన్న సర్వీసు వచ్చే ఏడాది కూడా ఉంటుందా అన్న ప్రశ్నలే అసలైనవి.

కలబురగి అంటే పాత గుల్బర్గాయే. అక్కడితో నెల్లూరు వారికేం పని అని అనుకోవచ్చు. మా చెల్లెలి కాపురం ఆ జిల్లాలోని సేడంలో ఉంది. మా బావగారు అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో తెలుగువారు చాలామందే ఉన్నారు. ఇక కందుల వ్యాపారం చేసేవారికి ఆ ఊరిని పరిచయం చేయనక్కర లేదు. కలబురగి కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కనిగిరి, దర్శి, మార్కాపురం వైపు కంది పండించేవారు, కొనేవారు ఆ మార్కెట్ ధర మీద ఒక కన్ను వేసే ఉంటారు. అటునుంచి ఇటు చూస్తే, తిరుమల దర్శనానికి వచ్చే ఉత్తర కర్ణాటక భక్తులకు ఈ విమానం నేరుగా కొండ కిందికే చేర్చే సాధనంగా ఉండేది. నేను ప్రయాణించినప్పుడు కలబురగిలో దిగినవారిలో తలనీలాలు సమర్పించి, లడ్డూ సంచులతో తిరిగి వెళ్తున్న కుటుంబాలే ఎక్కువగా కనిపించాయి.

రైలు దారి ఎలా ఉంటుందో చెబితేగాని ఈ విమానం విలువ తెలియదు. నెల్లూరులో సింహపురి ఎక్కి రాత్రంతా ప్రయాణించి సికింద్రాబాదులో దిగి, అక్కడ తాండూరు మీదుగా వాడి వైపు వెళ్లే బండి కోసం కాచుకోవడం ఒక పద్ధతి. గూడూరు మీదుగా రేణిగుంట చేరి, చెన్నై నుంచి ముంబై వెళ్లే రైలు పట్టుకుని కడప, గుంతకల్లు, రాయచూరు, వాడి దాటి కలబురగిలో దిగడం రెండో పద్ధతి. ఏ పద్ధతిలో వెళ్లినా ఒక రాత్రి, దాని చుట్టూ మరికొంత పగలు ఖర్చవుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని అర్ధరాత్రి ప్లాట్‌ఫారం వంతెన ఎక్కించి దించడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది. రేణిగుంట, కలబురగుల మధ్య ఆకాశమార్గాన దూరం 500 కి.మీ. లోపే, జెట్ విమానానికి అది గంట ప్రయాణం. పైగా 2019 నవంబరు 22న ప్రారంభమైన కలబురగి విమానాశ్రయం నగరానికి తూర్పున, శ్రీనివాస సరడగి దగ్గర ఉండడం వల్ల సేడం వెళ్లేవారు ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావలసిన పని కూడా ఉండదు.

ఇక విమానం సంగతి. స్టార్ ఎయిర్ కొల్హాపూర్ ప్రాంతానికి చెందిన సంజయ్ ఘోడావత్ గ్రూపు సంస్థ. బెంగుళూరు కేంద్రంగా 2019 జనవరిలో విమానాలు మొదలుపెట్టింది. మేము ఎక్కింది బ్రెజిల్‌లోని ఎంబ్రాయర్ కంపెనీ తయారుచేసిన 145 రకం విమానం. అందులో మొత్తం 50 సీట్లు ఉంటాయి. ఆ తర్వాత ఇదే సంస్థ 76 సీట్లున్న 175 రకం విమానాలను కూడా తెచ్చింది కాబట్టి, టికెట్ కొనేటప్పుడు ఏ రకం విమానమో చూసుకోవడం మంచిది, ఎందుకంటే రెండింటిలో కూర్చునే తీరు పూర్తిగా వేరు.

145 రకంలో ఎడమవైపు వరుసకు ఒక్కటే సీటు, కుడివైపు రెండు సీట్లు. మధ్య సీటు అన్నది విమానం మొత్తంలో ఎక్కడా లేదు. ఎడమవైపు ఒంటి సీటులో కూర్చున్నవారికి కిటికీ, నడవ రెండూ తమవే. పక్కవారిని లేపనక్కర లేకుండా లేవవచ్చు, కావలసినంతసేపు బయటకు చూడవచ్చు. అయితే తల మీద సామాను పెట్టుకునే అర కుడివైపు మాత్రమే ఉంటుంది, అదీ చిన్నదే. పెద్ద విమానాల్లో నిక్షేపంగా పట్టే చక్రాల పెట్టె ఇక్కడ పట్టకపోవచ్చు. మందులు, కాగితాలు, విలువైన వస్తువులు ఒక చిన్న చేతిసంచిలో వేరుగా పెట్టుకుంటే, పెట్టెను మెట్ల దగ్గరే సిబ్బందికి అప్పగించవలసి వచ్చినా కంగారు ఉండదు. నడవలో పైకప్పు ఎత్తు ఆరడుగులే కావడంతో పొడగరులు మెడ వంచి నడవాలి. ఇంజిన్లు రెండూ తోక దగ్గర ఉంటాయి గనుక ముందు వరుసలు నిశ్శబ్దంగా, వెనుక వరుసలు బాగా మోతగా ఉంటాయి. పెద్దవారితో వెళ్లేవారు ముందు వరుసల్లో, కుడివైపు జంట సీట్లు అడిగి తీసుకోవడం ఉత్తమం. మరుగుదొడ్డి వెనకనే ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కడం, దిగడం నేల మీది నుంచే. తలుపు లోపలివైపే మెట్లు అమర్చి ఉంటాయి. తలుపు తెరిచి కిందికి వాలిస్తే అదే నిచ్చెన అవుతుంది. మెట్లు కొన్నే అయినా నిటారుగా ఉంటాయి. నాకున్న భయమంతా ఇక్కడే. చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడే నమోదు చేయించాము. మెట్ల దగ్గర ఒక ఉద్యోగి ముందు నిలబడి, మరొకరు వెనుక చేయి ఆనించి, "నిదానంగా రండమ్మా, తొందరేం లేదు, ముందు ఈ కాలు పెట్టండి" అంటూ తెలుగులోనే చెబుతూ ఒక్కొక్క మెట్టూ ఎక్కించారు. వెనుక వరుసలో నిలబడిన ప్రయాణికులను ఆపి, అమ్మ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్న తర్వాతే మిగిలినవారిని పంపారు. 50 మంది ఎక్కే విమానంలో సాధ్యమయ్యే ఈ ఓపిక 180 మంది ఎక్కే విమానంలో ఎంత కోరుకున్నా దొరకదు. కలబురగిలో కూడా అదే మర్యాద. అక్కడ మాట కన్నడంలో సాగినా అమ్మకు ఏ ఇబ్బందీ కలగలేదు. గంట ప్రయాణంలో తిండి గురించి రాయడానికి ఏమీ లేదు. కూతురి ఇంటికి వెళ్లేవారు ఆవకాయ జాడీ లేకుండా బయలుదేరరు కనుక ఒక్క మాట చెప్పాలి: నూనె పచ్చళ్లు చేతిసంచిలో ఉంటే భద్రతా తనిఖీలో ఆగిపోతాయి, గట్టిగా మూతలు బిగించి, మూట కట్టి, అప్పగించే పెట్టెలోనే పెట్టాలి.

ధర గురించి మాట్లాడాలంటే ఉడాన్ పథకం గురించి చెప్పక తప్పదు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించేందుకు కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో ప్రకటించిన ఈ పథకం కింద ఎంపికైన మార్గంలో, సుమారు సగం సీట్లను ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ ధర లోపలే అమ్మాలి. గంట ప్రయాణానికి ఆ పరిమితి మొదట్లో 2,500 రూపాయలుగా ఉండేది, తర్వాత పెరిగింది. అలా అమ్మినందువల్ల సంస్థకు వచ్చే లోటును కేంద్రం, రాష్ట్రం కలిసి భర్తీ చేస్తాయి. ఆ మార్గంలో మూడేళ్లపాటు పోటీ లేకుండా నడుపుకునే హక్కు కూడా ఇస్తాయి. తిరుపతి, కలబురగి సర్వీసు 2021లో ఈ పథకం కిందే మొదలైంది. ముందుగా కొన్నవారికి పరిమితి ధర సీట్లు దొరికేవి. అవి అయిపోయాక ధర సంస్థ ఇష్టం. మేము ముందే కొనుక్కున్నందువల్ల, రైల్లో రెండో తరగతి ఏసీ ఛార్జీతో పోల్చి చూసుకున్నా ఆ ఖర్చు న్యాయంగానే అనిపించింది.

ఇంతవరకు చెప్పినదంతా విమానం బయలుదేరిన రోజు సంగతి. బయలుదేరని రోజు ఎలా ఉంటుందో వేరొక చిన్న సంస్థ దగ్గర నేను చూశాను. హైదరాబాదులో మా పెద్దనాన్నగారిని ఆసుపత్రిలో చూపించవలసి ఉండి, రేణిగుంట నుంచి ఉదయం విమానానికి ఊళ్లోని ఏజెంటు ద్వారా టికెట్లు తీసుకున్నాము. తెల్లవారుజామున నెల్లూరులో కారు మాట్లాడుకుని బయలుదేరి వెళ్తే, కౌంటరు దగ్గర ఆ రోజు సర్వీసు రద్దయిందని చెప్పారు. రద్దయిన సంగతి ముందురోజు రాత్రి సందేశం రూపంలో పంపామని వారి వాదన. పంపిన మాట నిజమే, కానీ అది చేరింది ఏజెంటు ఫోనుకు. అప్పటికి అతని దుకాణం మూసి ఉంది. ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక వృద్ధ దంపతులకూ ఇదే జరిగింది. వారు ఆ కౌంటరు ముందు బెంచీ మీద కూర్చుని, అటు ఆసుపత్రికి, ఇటు ఇంటికి ఫోన్లు చేసుకుంటూ ఉండిపోయారు. మరునాటి విమానమైనా ఇస్తాము, డబ్బైనా వాపసు చేస్తాము అన్నారు తప్ప, ప్రయాణికుడికి ఇంకా ఏ హక్కులున్నాయో అక్కడున్నవారెవరూ నోరు విప్పి చెప్పలేదు.

హక్కులు లేక కాదు. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం, సర్వీసు రద్దయితే మరొక విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరుకునే హక్కు ప్రయాణికుడిదే. కనీసం 24 గంటల ముందైనా తెలియజేయకుండా రద్దు చేస్తే, గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి ఆ పరిమితి 7,500 రూపాయలు. తుఫాను వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది: టికెట్ కొన్నప్పుడు ప్రయాణికుడు సరైన ఫోను నంబరు ఇచ్చి ఉండకపోతే పరిహారం అడిగే హక్కు పోతుంది. మన ఊళ్లలో ఏజెంట్లు తమ నంబరే నమోదు చేసే అలవాటు ఎంత నష్టం తెస్తుందో ఇక్కడే తెలుస్తుంది. కనుక ఏజెంటు దగ్గర కొన్నా సరే, టికెట్ మీద మీ నంబరు ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడికక్కడే మార్పించండి. న్యాయం జరగకపోతే ఫిర్యాదు చేయడానికి కేంద్రం నడిపే ఎయిర్‌సేవా యాప్ ఉంది.

చిన్న సంస్థల్లో ఈ రద్దులు ఎందుకు ఎక్కువో కూడా అర్థం చేసుకోవాలి. పెద్ద సంస్థకు ఒక విమానం మొరాయిస్తే మరొకటి తెచ్చి నిలబెట్టే వెసులుబాటు ఉంటుంది. నాలుగైదు విమానాలున్న సంస్థలో ఒక్కొక్క విమానం ఉదయం నుంచి సాయంత్రం దాకా వరసగా ఎన్నో ఊళ్లు తిరుగుతుంది. పొద్దున్నే ఒక ఊళ్లో మంచు పట్టి గంట ఆలస్యమైతే ఆ ఆలస్యం సాయంత్రానికి గొలుసులా పెరుగుతూ చివరి ఊరికి చేరుతుంది, ఒక్కోసారి ఆ చివరి ఊరి సర్వీసే రద్దయిపోతుంది. శిక్షణ పొందిన పైలట్లను పెద్ద సంస్థలు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతుంటాయి. విడిభాగం ఒకటి విదేశం నుంచి రావలసి ఉంటే అది వచ్చేదాకా విమానం నేల మీదే. ఇవన్నీ నిజమైన కష్టాలే, వాటిని నేను తక్కువ చేయను. అయితే రద్దు చేయవలసి రావడం వేరు, రద్దు చేసిన మాట ప్రయాణికుడికి అందేలా చూడకపోవడం వేరు. మొదటిది చాలాసార్లు పరిస్థితుల వల్ల జరిగేది, రెండోది నిర్లక్ష్యం వల్ల జరిగేది.

సర్వీసు మరుసటి ఏడాది ఉంటుందా అన్న ప్రశ్నకు మన తెలుగునాట అనుభవం ధైర్యమిచ్చేదిగా లేదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎగిరిన ఎయిర్ కోస్టా, 2017 ఫిబ్రవరి చివరికి ఆగిపోయింది. హైదరాబాదు కేంద్రంగా 2015 జూలై 12న మొదలైన ట్రూజెట్ తొలి విమానం వచ్చింది మన రేణిగుంటకే. 2017 ఏప్రిల్ 27న దేశమంతటా ఉడాన్ సర్వీసులు మొదలైన రోజున కడపకు విమానం తెచ్చింది కూడా ఆ సంస్థే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. కడప ప్రయాణికుల అదృష్టం కొద్దీ, ఆ తర్వాతి నెలలోనే ఇండిగో ఆ ఊరికి సర్వీసులు మొదలుపెట్టింది కాబట్టి విమానాశ్రయం మూతపడలేదు. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ఇదే సంగతిని దేశవ్యాప్తంగా లెక్కగట్టి చెప్పింది. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిచేసినవి 112. ఆ గడువు దాటి 2023 మార్చి నాటికి నిలబడినవి 54 మాత్రమే. ప్రభుత్వం ఇచ్చే భర్తీ ఆగిన మరునాడు ఆ మార్గం తన కాళ్ల మీద తాను నిలబడాలి. అందుకు కావలసిన ప్రయాణికులు ఆ మూడేళ్లలో అలవాటు పడాలి. వారంలో కొన్ని రోజులే నడుస్తూ, ఆ రోజులు కూడా తరచు మారుతూ ఉంటే ఏ కుటుంబమూ ఆ విమానాన్ని నమ్ముకుని పెళ్లికో, పరీక్షకో, వైద్యానికో తేదీ పెట్టుకోదు. స్టార్ ఎయిర్‌తో సహా ఇలాంటి సంస్థలన్నింటినీ నేను కోరేది ఇదే: వారానికి మూడు రోజులే నడపండి, కానీ ఆ మూడు రోజులు సీజనంతా మారకుండా చూడండి.

మన జిల్లాల నుంచి ఈ తరహా విమానాలు వాడుకోదలచిన వారికి కొన్ని సంగతులు. నెల్లూరు నుంచి తిరుపతి వెళ్లే ఆర్టీసీ బస్సులు గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా వెళ్తాయి. రేణిగుంట పరిసరాల్లో దిగి ఆటో మాట్లాడుకుంటే విమానాశ్రయం దగ్గరే. గూడూరు మీదుగా రేణిగుంట జంక్షన్‌కు రైళ్లూ ఉన్నాయి. పొదలకూరు, రాపూరు వైపు వారు వెంకటగిరి మీదుగా వస్తే నెల్లూరు చుట్టు తిరగనక్కర లేదు. ఒంగోలు వారికి రేణిగుంట కన్నా గన్నవరం దగ్గర; గిద్దలూరు, కంభం వారు కడప విమానాశ్రయం సర్వీసులను కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి వాయుగుండాల కాలం కాబట్టి, ఆ నెలల్లో వెళ్లేవారు పని ఉన్న రోజుకు కనీసం ఒక రోజు ముందుగా చేరేలా టికెట్ తీసుకోవాలి. ఉడాన్ మార్గాలు వేసవి, శీతాకాల పట్టికలు మారినప్పుడల్లా మారుతుంటాయి. ఎవరో గత ఏడాది వెళ్లారన్న మాట మీద ఆధారపడకుండా సంస్థ వెబ్‌సైటులోనే చూసి నిర్ధారించుకోవాలి. రైలు టికెట్ ఒకటి వెనుక ఉంచుకోవడం, ముఖ్యంగా రేణిగుంట నుంచి ముంబై వైపు వెళ్లే బండిలో, పెద్దవారితో వెళ్లేటప్పుడు మనశ్శాంతినిస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఒంగోలు దగ్గర కూడా ఒకటి కట్టాలన్న ప్రతిపాదన ఉంది. వీటిలో ఏది ముందుగా పూర్తయినా అక్కడ మొదట దిగేవి ఇలాంటి 50, 70 సీట్ల విమానాలే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ సంస్థలతో ఒప్పందం రాసుకునేటప్పుడు ప్రారంభోత్సవం తేదీ గురించి ఆలోచించినంత శ్రద్ధగా, మూడేళ్ల తర్వాత భర్తీ ఆగినప్పుడు సర్వీసు ఎలా కొనసాగుతుందన్న విషయాన్ని, వారంలో ఏయే రోజులు నడపాలన్న విషయాన్ని, రద్దయినప్పుడు ప్రయాణికుడికి ఎన్ని గంటల ముందు, ఎవరి ఫోనుకు తెలియజేయాలన్న విషయాన్ని అందులోనే రాయించవలసిందిగా మన ప్రజాప్రతినిధులను, వర్తక సంఘాలను కోరుతున్నాను.